క్రైస్తవ దృష్టిలో సంపద, పేదరికం, ఆర్థిక అసమానత

తెలుగులో 'ధర్మం' అన్న మాటకు రెండు వాడుకలున్నాయి. రాజు నిలబెట్టవలసిందీ ధర్మమే, గుడిమెట్ల దగ్గర చేయి చాచిన మనిషి అడిగేదీ ధర్మమే. హీబ్రూలో 'సెదాకా' అన్న మాటదీ ఇదే తీరు. నీతి, న్యాయం అనే అర్థంతో మొదలై, పేదలకు పెట్టేదానికి కూడా కాలక్రమాన అదే పేరైంది. సంపద గురించి క్రైస్తవం రెండువేల ఏళ్లుగా చేస్తున్న ఆలోచన ఈ రెండర్థాల మధ్యనే తిరుగుతోంది. ఉన్నవాడు లేనివాడికి ఇచ్చేది దయతో చేసే దానమా, తీర్చి తీరవలసిన బాకీయా? దానమైతే, ఇవ్వనివాడిని పిసినారి అని వదిలేయవచ్చు. బాకీ అయితే వాడు ఎగవేతదారు.

దీనిపై క్రైస్తవులందరికీ ఒప్పుదలైన సిద్ధాంతం ఏనాడూ లేదు. సొంత ఆస్తి అనేదే లేకుండా బతికే పద్ధతిని 16వ శతాబ్దంలో మొదలుపెట్టిన హట్టరైట్లూ, దేవుడు భక్తుణ్ణి ధనవంతుణ్ణి చేస్తాడని బోధించే టీవీ ప్రసంగీకులూ చేతపట్టుకున్నది ఒకే బైబిలు. అయితే ఆ గ్రంథం అన్ని అర్థాలకూ సమానంగా లొంగుతుందనుకోవడం సరికాదు. చదివినకొద్దీ దాని మొగ్గు బాకీ వైపే కనిపిస్తుంది.

భూమి ఎవరిది

పాత నిబంధనలో ఆర్థిక ఆలోచనకు పునాది భూమి. లేవీయకాండం ప్రకారం భూమికి యజమాని దేవుడు; ఇశ్రాయేలీయులు అందులో కాపురమున్న పరదేశులు, మన మాటల్లో కౌలుదార్లు. ఏడో ఏట నేలకు విశ్రాంతి. ద్వితీయోపదేశకాండం ఏడో ఏటనే అప్పులు మాఫీ చేయమంటుంది. ఏడేళ్లు ఏడుసార్లు గడిచాక వచ్చే యాభయ్యో ఏడు సునాద సంవత్సరం. ఆ ఏట బూర ఊదితే, అమ్ముకున్న పొలం తిరిగి పాత కుటుంబానికి చేరాలి, అప్పుకింద దాస్యానికి పోయినవాడు ఇంటికి రావాలి. భూమి ధర కట్టే పద్ధతి మరీ గమనించదగ్గది. సునాదానికి ఇంకా ఎన్ని పంటలున్నాయో లెక్కవేసి అంతకే వెల కట్టాలి. పేరుకు అమ్మకం, నిజానికి గడువున్న కౌలు. తాతల అప్పు మనవల మెడకు చుట్టుకోకుండా కట్టిన గట్టు ఇది. చరిత్రలో ఇది ఏనాడైనా పూర్తిగా అమలైందనడానికి ఆధారం లేదు. కాగితం మీద మిగిలిన చట్టమే అయినా ఇరవయ్యో శతాబ్దం చివర్లో అది మళ్లీ లేచి నడిచింది. ఆ సంగతి తరవాత.

కోతల వేళ పొలం అంచులు వదిలేయాలి, మరిచిపోయిన పన కోసం వెనక్కి వెళ్లకూడదు, రాలిన పరిగె పేదలకూ పరదేశులకూ ఉండాలి. కళ్లాల కాలంలో పరిగె ఏరుకున్న ఆడవాళ్లను చూసిన తెలుగు పాఠకుడికి ఈ దృశ్యం కొత్త కాదు. కొత్తేమిటంటే అక్కడ అది కాపు మంచితనం మీద ఆధారపడినది కాదు, చట్టం. మోయాబు నుంచి వచ్చిన విధవ రూతు బోయజు పొలంలో పరిగె ఏరింది హక్కుగానే. పేదవాడి పైబట్ట తాకట్టు పెట్టుకుంటే పొద్దుగూకేలోగా తిరిగి ఇచ్చేయాలి. రాత్రికి అతను కప్పుకునేది అదొక్కటే కాబట్టి.

క్రీ.పూ. 8వ శతాబ్దంలో తెకోవ ఊరి పశువుల కాపరి ఆమోసు సమరయ ధనికుల మీద విరుచుకుపడ్డాడు: దొంగ తూకాలు, చెప్పుల జోడు పాటి వెలకు అమ్ముడుపోతున్న బీదలు, ఆపైన ఘనంగా సాగే ఆరాధనలు. అదే శతాబ్దంలో యెషయా, మీకా ఇంటికి ఇల్లు, పొలానికి పొలం కలుపుకుపోయే పెద్దల్ని నిలదీశారు. ప్రవక్తలకు పేదరికం దైవికంగా వచ్చిపడిన కష్టంలా కనబడలేదు. దాన్ని కలిగించినవాళ్లు వాళ్ల కళ్లెదుటే ఉన్నారు.

ఇదే గ్రంథంలో మరో గొంతూ ఉంది. అబ్రాహాము మందలు, సొలొమోను బంగారం దేవుడి దీవెనలుగానే వర్ణితాలు. సామెతల గ్రంథం సోమరిని చీమ దగ్గరికి పంపి బుద్ధి నేర్చుకోమంటుంది. ఆజ్ఞలు పాటిస్తే పాడిపంటలు కలుగుతాయన్న మాట ద్వితీయోపదేశకాండంలో పదేపదే వస్తుంది. ఆ లెక్క తిరగేసి, పేదవాడు పాపి అయి ఉంటాడనేవాళ్లకు జవాబుగా యోబు గ్రంథం నిలిచింది.

యేసు, తొలి సంఘం

యేసు తల్లి మరియ పాడిన పాటలోనే ఆకలిగొన్నవాళ్లు నిండుతారు, ధనవంతులు వట్టి చేతులతో వెళ్తారు. లూకా సువార్తలో యేసు ధన్యులన్నది బీదల్ని. మత్తయి సువార్తలో ఆ మాట ఆత్మ విషయంలో దీనులైనవాళ్లకు వర్తించింది. ఈ చిన్న తేడా మీద వ్యాఖ్యాతలు రాసింది ఒక గ్రంథాలయమంత ఉంటుంది. పేద జనం లూకాను పట్టుకున్నారు, కలిగినవాళ్లు మత్తయి నీడన చేరారు. మత్తయి సువార్తలోనే, 25వ అధ్యాయంలో, ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టారా లేదా అన్నదే కడపటి తీర్పుకు కొలబద్ద అయిందని అప్పుడప్పుడూ మరిచిపోతుంటారు.

దేవుడితో పోటీకి దిగే యజమానిగా యేసు చూపిన 'మమ్మోను'కు తెలుగు బైబిలు అనువాదకులు 'సిరి' అన్న మాట ఎంచుకున్నారు. సిరి మనకు మంగళకరమైన మాట; ఆడపిల్లల పేరు, లక్ష్మి పేరు. ఇతర భాషల్లో అంతగా వినిపించని తాకిడి తెలుగు వాక్యంలో వినిపిస్తుంది. ధనం మీద నింద మాత్రమే అయితే డబ్బు అన్నా సరిపోయేది. మనిషి కొలుపు అందుకునేంత శక్తి ధనానికి ఉందన్న ఎరుక ఆ ఎంపికలో ఉంది.

ధనవంతుడూ లాజరూ కథలో ధనవంతుడు ఎవరినీ దోచినట్టు లేదు. తన వాకిట పుండ్లతో పడి ఉన్న మనిషిని పట్టించుకోలేదు, అంతే. ఆ ఒక్క నేరానికే నరకం. సుంకపు గుత్తదారు జక్కయ్య మాత్రం రెండు లెక్కలు విడదీశాడు: ఆస్తిలో సగం పేదలకు, అన్యాయంగా లాగిన దానికి నాలుగింతలు తిరిగి. దానం వేరు, బాకీ వేరు అని అంత స్పష్టంగా తెలిసిన మనిషి సువార్తల్లో మరొకడు లేడు. పేదలు ఎప్పుడూ మీతో ఉంటారన్న యేసు మాటను చేతులు ముడుచుకోవడానికి సాకుగా వాడేవాళ్లున్నారు. అది ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయం నుంచి వచ్చిన మాట. అక్కడ దాని వెంటనే ఉన్నది, కాబట్టి చేయి చాపి ఇమ్మన్న ఆజ్ఞ.

యెరూషలేములోని తొలి విశ్వాసులు పొలాలూ ఇళ్లూ అమ్మి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టారని, ఎవరికెంత అవసరమో అంత పంచారని అపొస్తలుల కార్యాలు చెబుతోంది. కుప్ర ద్వీపంవాడైన బర్నబా పొలం అమ్మి మొత్తం తెచ్చాడు. అననీయ, సప్పీరా కొంత దాచి మొత్తం అని బొంకి ప్రాణాలు పోగొట్టుకున్నారు. అక్కడ పేతురు అననీయతో, పొలం నీదే, అమ్మాక సొమ్మూ నీ చేతిలోదే అంటాడు. సొంత ఆస్తి సమర్థకులు ఆ వాక్యాన్నీ, ఉమ్మడి ఆస్తి కోరేవాళ్లు అంతకు ముందు పేజీనీ చూపిస్తూ వచ్చారు. పంపకంలో తమ విధవలకు అన్యాయం జరుగుతోందని గ్రీకు మాట్లాడే విశ్వాసులు గొడవ చేస్తే ఏడుగురిని నియమించారు. సంఘంలో తొలి తగాదా సిద్ధాంతం మీద రాలేదు, అన్నం దగ్గర వచ్చింది. పౌలు మాసిదోనియ, కొరింథు సంఘాల దగ్గర చందా వసూలు చేసి యెరూషలేము పేదలకు చేరవేశాడు. బంగారు ఉంగరంవాడికి మంచి చోటు చూపి, మాసిన బట్టలవాణ్ణి కింద కూర్చోమనే సంఘాన్ని యాకోబు పత్రిక చీవాట్లు పెట్టింది. కోసినవాళ్లకు ఎగ్గొట్టిన కూలి దానంతటదే మొరపెడుతోందంది.

నాలుగో శతాబ్దపు ప్రసంగపీఠం

రెండో శతాబ్దం చివరికే సంఘంలోకి కలిగినవాళ్లు వచ్చారు. అలెగ్జాండ్రియా గురువు క్లెమెంటు వాళ్ల కోసమే ఒక పుస్తకం రాసి, ఉన్నదంతా అమ్మి పేదలకిమ్మని యేసు చెప్పిన ధనవంతుడైన యువకుడి కథకు మెత్తని అర్థం చెప్పాడు: వదలవలసింది ఆస్తి మీద మమకారం, ఆస్తిని కాదు, అందరూ వదిలేసుకుంటే పేదలకు పెట్టేదెవరు? నేటికీ మధ్యతరగతి సంఘాల్లో వినిపించేది క్లెమెంటు గొంతే.

దానికి ఎదురుగొంతు కప్పదొకియ నుంచి వచ్చింది. 368 ప్రాంతంలో అక్కడ వానలు లేక కరువు వచ్చింది. కైసరియలో ధాన్యం ఉన్నవాళ్లు గాదెలకు తాళాలు వేసి ధర పెరిగేదాకా ఆగారు. అక్కడి పాదిరి బేసిల్ (330 ప్రాంతం–379) తన వంతు ఆస్తి అమ్మి కూడు వండించాడు, ప్రసంగపీఠం ఎక్కి వర్తకుల పేరెత్తకుండానే వాళ్ల ముఖం మీద మాట్లాడాడు. నీ గాదెలో మిగిలింది ఆకలిగొన్నవాడిది, పెట్టెలో మడతపెట్టింది బట్టల్లేనివాడిది, ఒంటిమీది బట్ట లాక్కున్నవాడు దొంగ అయితే, ఇవ్వగలిగి ఇవ్వనివాడికి వేరే పేరెందుకు అన్నది అతని వాదం. ఆ తరవాత కైసరియ ఊరి వెలుపల రోగులకూ కుష్ఠురోగులకూ దిక్కులేనివాళ్లకూ ఒక నివాసమే కట్టించాడు. అతని పేరుమీద అది బసిలియాద్ అయింది; ఆసుపత్రుల చరిత్రలో తొలి పేజీల్లో దాని ప్రస్తావన తప్పకుండా ఉంటుంది.

అంతియొకయలో జాన్ క్రిసోస్తం (మరణం 407) లాజరు కథ మీద వరస ప్రసంగాలు చేశాడు. ఉన్నది పంచకపోవడమే దొంగతనమన్నాడు. బల్ల మీద బంగారు గిన్నె పెట్టి, గుమ్మంలో చలికి వణికేవాణ్ణి వదిలేసే ఆరాధన ఎవరికి కావాలన్నాడు. కాన్‌స్టాంటినోపుల్‌కు బిషప్పయ్యాక కూడా గొంతు తగ్గించలేదు. రాణి యుడోక్సియాకూ తోటి బిషప్పులకూ కంటగింపై, రెండుసార్లు నగరం నుంచి వెళ్లగొట్టబడి, ప్రవాసపు దారిలోనే కన్నుమూశాడు. మిలానులో ఆంబ్రోసు, రాజు లాక్కున్న నాబోతు ద్రాక్షతోట కథ మీద ప్రసంగిస్తూ తేల్చేశాడు: పేదవాడికి నువ్వు ఇస్తున్నది నీ సొమ్ము కాదు, అతనిది అతనికి తిరిగి ఇస్తున్నావు. వ్యాసం మొదట్లో అడిగిన ప్రశ్నకు ఈ సూటి జవాబును తరవాతి శతాబ్దాల్లో ఎవరూ మించలేదు.

ఇంత మాట్లాడినవాళ్లు బానిసల విషయంలో మాత్రం చాలావరకు సర్దుకుపోయారు. బానిసల్ని దయగా చూడమనడమే ఎక్కువ. మనిషి మనిషిని కొనడమే దేవుడి మీద తిరుగుబాటని నేరుగా అన్నది బేసిల్ తమ్ముడు, నిస్సా బిషప్పు గ్రెగొరీ. అతనిది ఒంటరి గొంతు. ఆ సర్దుబాటుకు మూల్యం తరవాతి క్రైస్తవ ప్రపంచం చాలా ప్రియంగా చెల్లించింది, లేదా ఇతరుల చేత చెల్లింపజేసింది.

మఠం, బిచ్చం

అదే కాలంలో మరో దారి ఎడారిలోకి పోయింది. ఈజిప్టు రైతు ఆంటొనీ చర్చిలో సువార్త విని, తల్లిదండ్రుల నుంచి వచ్చిన సారవంతమైన భూమి వదిలేసి వెళ్లిపోయాడు. ఆరో శతాబ్దంలో బెనెడిక్టు రాసిన నియమావళి సన్యాసికి కలం కూడా సొంతం కాకూడదంది. ఒక్కొక్క సన్యాసి పేదవాడే. కానీ విరాళాలతో, కష్టించే చేతులతో మఠాలు మాత్రం యూరపులో పెద్ద భూస్వాములయ్యాయి.

ఆ విరోధాన్ని భరించలేనివాడు అస్సీసీ బట్టల వర్తకుడి కొడుకు ఫ్రాన్సిస్ (మరణం 1226). బిషప్పు ఎదుట ఒంటిమీది బట్టలు కూడా విప్పి తండ్రి చేతికిచ్చేశాడు. అతని అనుచరులకు వ్యక్తిగతంగానే కాదు, సంఘంగా కూడా ఆస్తి ఉండకూడదన్నది మొదటి ఉద్దేశం. వంద ఏళ్లు తిరిగేలోగా క్రీస్తుకు, శిష్యులకు ఆస్తి ఉండేదా అన్నది ప్రాణాల మీదికి తెచ్చే ప్రశ్న అయింది. కఠిన దారిద్ర్యం వదలబోమన్న నలుగురు ఫ్రాన్సిస్కన్లను 1318లో మార్సేయ్‌లో సజీవంగా కాల్చారు. క్రీస్తుకూ శిష్యులకూ ఏ ఆస్తీ లేదనడం మతద్రోహమని 1323లో పోప్ 22వ జాన్ ప్రకటించాడు. పేదరికం గురించి చేసిన వాదానికి మనుషుల్ని కాల్చిన ఆ దశాబ్దం చర్చి చరిత్రలో చీకటి అధ్యాయం; దాన్ని మెత్తబరచి చెప్పనక్కర్లేదు.

థామస్ అక్వినాస్ (1225–1274) ఈ గొడవకు ముందే మధ్యే మార్గం వేసి ఉంచాడు. ఎవరిది వారికి ఉంటే పని చక్కగా జరుగుతుంది, కలహాలు తగ్గుతాయి. కనుక సొంత ఆస్తి తగినదే. వాడుక దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది అందరికోసం అనుకోవాలి. ప్రాణం పోయే అవసరంలో ఉన్నవాడు ఇతరుల సొమ్ము తీసుకుంటే అది దొంగతనమే కాదు. కాథలిక్ సామాజిక బోధ నేటికీ నిలబడింది ఈ రెండు కాళ్ల మీదే.

వడ్డీ

వడ్డీ మీద నిషేధం క్రైస్తవ ఆర్థిక నీతిలో అన్నిటికన్నా కచ్చితంగా మొదలై, అన్నిటికన్నా నిశ్శబ్దంగా కరిగిపోయిన నియమం. 325లో నికయ సభ పాదిరులు వడ్డీకి ఇవ్వకూడదంది. 1179లో మూడో లాటరన్ సభ పేరుమోసిన వడ్డీ వ్యాపారులకు ప్రభు భోజనమూ క్రైస్తవ సమాధీ లేవంది. ఫలితంగా అప్పులిచ్చే పని చాలాచోట్ల యూదుల నెత్తిన పడింది, దాంతోపాటు బాకీదార్ల పగ కూడా. అప్పుపత్రాలతో పాటు యూదుల ఇళ్లు తగలబెట్టిన ఘటనలు ఆ పగ నుంచే పుట్టాయి.

1462లో పెరూజియాలో ఫ్రాన్సిస్కన్లు పేదలకోసం తాకట్టు నిధి పెట్టారు. ఖర్చులకు సరిపడా కొద్దిపాటి రుసుము తీసుకునేవారు. అది వడ్డీయేనని గొడవ జరిగి, 1515లో పోప్ పదో లియో అనుమతించాక సద్దుమణిగింది. జెనీవాలో కాల్విన్ ఒక అడుగు ముందుకేసి, వ్యాపారానికి ఇచ్చిన అప్పు మీద మితమైన వడ్డీ తప్పుకాదన్నాడు, పేదవాడి అవసరానికి ఇచ్చినదాని మీద మాత్రం తీసుకోరాదన్నాడు. మన పల్లెల్లో ధర్మవడ్డీ అన్న మాట ఉంది. కాల్విన్ వెతికింది ఇంచుమించు దాన్నే.

సంస్కరణ, ఆ తరవాత

లూథర్ మఠాల దారిద్ర్యాన్ని పుణ్యంగా ఒప్పుకోలేదు, బిచ్చాన్నీ ఒప్పుకోలేదు. 1523లో లైస్నిగ్ పట్టణం చర్చి ఆదాయాన్ని ఉమ్మడి పెట్టెలో వేసి పేదల పోషణకు వాడుకునే ఏర్పాటు చేసుకుంటే దానికి ముందుమాట రాశాడు. రెండేళ్లకే అతని అసలు పరీక్ష వచ్చింది. 1525లో మెమ్మింగెన్‌లో రైతులు పన్నెండు కోరికలు రాసుకున్నారు. క్రీస్తు రక్తం అందరినీ విడిపించింది, ఇక మేమెందుకు వెట్టిలో ఉండాలన్నది అందులో ఒకటి. మొదట ఇరుపక్షాలకూ బుద్ధి చెప్పిన లూథర్, తిరుగుబాటు ముదిరాక రాజుల కత్తినే సమర్థించాడు. వేలాది రైతులు చచ్చారు. ఆత్మకు స్వేచ్ఛ, ఒంటికి వెట్టి అనే ఆ విభజన ప్రొటెస్టెంట్ చరిత్రను చాలాకాలం వెంటాడింది.

కష్టపడి సంపాదించు, విలాసాలు వద్దు, కాలం వృథా చేయకు అన్న కాల్వినిస్టు క్రమశిక్షణే పెట్టుబడిదారీ స్వభావానికి తోడ్పడిందని మాక్స్ వెబర్ 1904–05లో వాదించాడు. ఆ వాదం మీద చర్చ ఇంకా ముగియలేదు. ఆ క్రమశిక్షణ చేదు గుట్టు మెథడిజం స్థాపకుడు జాన్ వెస్లీ (1703–1791) ముందే పసిగట్టాడు: భక్తి పొదుపు నేర్పుతుంది, పొదుపు సంపద తెస్తుంది, సంపద భక్తిని తినేస్తుంది. అతను చెప్పిన విరుగుడు, వీలైనంత సంపాదించి, వీలైనంత మిగిల్చి, మిగిలినదంతా ఇచ్చేయడం. తనూ అలాగే బతికాడు. జనం మొదటి రెండూ బాగా నేర్చుకున్నారని ముసలితనంలో బాధపడ్డాడు.

కర్మాగారాలు, లేఖలు

యంత్రాల కాలపు పేదరికం మఠం వాకిట పెట్టే అన్నంతో తీరేది కాదు. 1865లో లండన్ తూర్పు వాడల్లో విలియం, కేథరిన్ బూత్ దంపతులు మొదలుపెట్టిన పని రక్షణ సైన్యం అయింది. 1891 మే 15న పోప్ పదమూడో లియో రాసిన 'రేరుం నొవారుం' లేఖ సోషలిజాన్ని తోసిపుచ్చి సొంత ఆస్తిని సమర్థించింది. అదే గొంతుతో కూలివాడు ఒప్పుకున్నాడు కదా అని ఎంత తక్కువైనా ఇవ్వడం న్యాయం కాదనీ, కుటుంబం నడిచేంత కూలి ఉండాలనీ, కార్మికులు సంఘాలు పెట్టుకోవచ్చనీ చెప్పింది. 1967లో పోప్ ఆరో పాల్ 'పొపులోరుం ప్రొగ్రెస్సియో'లో పేద దేశాల, ధనిక దేశాల మధ్య అంతరానికి ఇదే లెక్క వర్తింపజేస్తూ ఆంబ్రోసు నాబోతు ప్రసంగాన్ని ఉదహరించాడు. 1600 ఏళ్ల నాటి మిలాను బిషప్పు మాట అంతర్జాతీయ వాణిజ్యం మీద తీర్పయింది.

మరుసటి ఏడు, 1968లో, కొలంబియాలోని మెదెయీన్‌లో లాటిన్ అమెరికా బిషప్పులు సమావేశమై, తమ ఖండపు పేదరికం అన్యాయమైన నిర్మాణాల ఫలితమన్నారు. లిమా మురికివాడల మధ్య పనిచేసిన పెరూ పాదిరి గుస్తావో గుతియెరెస్ (1928–2024) 1971లో విమోచన వేదాంతానికి ఆ పేరు స్థిరపరచిన పుస్తకం వెలువరించాడు. అతని పద్ధతిలో వేదాంతి ముందు పేదల పక్కన నిలబడాలి, ఆలోచన ఆ తరవాత. ఆ నిలబడటానికి ధర ఉంది. ఎల్ సాల్వడోర్‌లో ఆర్చ్‌బిషప్ ఆస్కార్ రొమేరోను 1980 మార్చి 24న పూజ చేస్తుండగా కాల్చి చంపారు. మార్క్సు విశ్లేషణను అడ్డూ అదుపూ లేకుండా తెచ్చుకుంటున్నారని 1984లో వాటికన్ ఈ వేదాంతాన్ని మందలించింది. 2018లో రొమేరోను పునీతుడిగా ప్రకటించింది. పేదల పట్ల ప్రత్యేక పక్షపాతం అన్న మాట 1979 ప్వెబ్లా సమావేశం నుంచి కాథలిక్ బోధలో స్థిరపడింది. 2025 అక్టోబరులో పోప్ పద్నాలుగో లియో వెలువరించిన 'దిలెక్సి తే' విషయం కూడా పేదల మీద ప్రేమే.

మార్కెట్టునే పేదల మిత్రుడిగా చూసినవాళ్లూ ఉన్నారు. అమెరికన్ కాథలిక్ రచయిత మైకేల్ నోవాక్ 1982లో ప్రజాస్వామిక పెట్టుబడిదారీ వ్యవస్థకు ఆధ్యాత్మిక సమర్థన రాశాడు. సంపదను పంచడానికి ముందు పుట్టించాలి అన్నది ఈ వాదపు బలం. పుట్టినది ఎవరి చేతుల్లో పోగుపడుతుందన్న ప్రశ్న దగ్గర అది బలహీనపడుతుంది.

లేవీయకాండపు సునాదం తిరిగి వచ్చింది ఈ నేపథ్యంలోనే. 2000 సంవత్సరం వచ్చేలోగా పేద దేశాల మోయలేని అప్పులు రద్దు చేయాలంటూ జూబిలీ 2000 ఉద్యమం నడిచింది. 1998లో బర్మింగ్‌హామ్‌లో జీ-8 నేతలు కలిసినప్పుడు సుమారు 70,000 మంది చేయీ చేయీ పట్టుకుని నగరం చుట్టూ గొలుసు కట్టారు. తరవాతి ఏళ్లలో పేద దేశాల అప్పుల్లో గణనీయమైన భాగం నిజంగానే మాఫీ అయింది.

ఐశ్వర్య సువార్త

అమెరికాలో కెన్నెత్ హేగిన్, ఓరల్ రాబర్ట్స్ వంటివారి బోధల నుంచి పెరిగి ఆఫ్రికా, లాటిన్ అమెరికా, ఆసియాలకు పాకిన బోధ ఇది. విశ్వాసముంటే ఆరోగ్యమూ ధనమూ వస్తాయి. కానుక విత్తనం లాంటిది, దేవుడు నూరంతలుగా పండిస్తాడు. తెలుగు టీవీ ప్రసంగాల్లోనూ ఈ ధోరణి వినిపిస్తుంది. పేదవాళ్లే దీన్ని ఎందుకు పట్టుకుంటారన్నది సానుభూతితో చూడవలసిన ప్రశ్న. తరతరాలుగా నీ గతి ఇంతే అని విన్న మనిషికి, నువ్వు బాగుపడటం దేవుడికి ఇష్టం అన్న మాట మొదటిసారి తల ఎత్తుకునేలా చేస్తుంది. తాగుడు మాని, పిల్లల్ని బడికి పంపి నిజంగా నిలదొక్కుకున్న కుటుంబాలున్నాయి. అయినా ఈ బోధ బాకీని తలకిందులు చేస్తుంది. ఇక్కడ పేదవాడే ఇవ్వవలసినవాడు. పంట రాకపోతే లోపం అతని విశ్వాసానిదే. యోబు స్నేహితులు ఇదే మాట అన్నారు, ఆ గ్రంథం చివర్లో దేవుడు వాళ్లను గద్దించాడు.

తెలుగు నేల

తెలుగు క్రైస్తవంలో అత్యధికులు మాల మాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్లు. అందుకే ఇక్కడ సంపద, పేదరికం అన్నవి ప్రసంగాంశాలు కాలేదు, సంఘపు పుట్టుకతోనే వచ్చాయి.

అమెరికన్ బాప్టిస్టు జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. తాళ్లకొండపాడు వాసి, మాదిగ కులస్థుడు ఎర్రగుంట్ల పేరయ్య అతనికన్నా ముందే దేవుడి కోసం తన వెతుకులాట మొదలుపెట్టి ఉన్నాడు. పేరయ్య వల్లనే క్రీస్తు మాట పల్లె నుంచి పల్లెకు పాకింది. బాప్తిస్మం పొందిన మాదిగలు పండగలకు డప్పు కొట్టబోమన్నారు, చచ్చిన గొడ్డు మాంసం తినబోమన్నారు, ఆదివారం పనికి రామన్నారు. తోలుపనికీ వ్యవసాయానికీ వాళ్ల చేతుల మీదే ఆధారపడ్డ ఊరికి ఇది మతం మార్పుకన్నా పెద్ద దెబ్బ. ఊరు బావి దగ్గరా పని దగ్గరా పగ తీర్చుకుంది.

1876–78 కరువు లక్షల ప్రాణాలు తీసింది. పూర్వం సర్వేయరుగా పనిచేసిన క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైబడిన భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని, పల్లెల జనానికి కూలి ఇప్పించాడు. బిచ్చం పెట్టకుండా కూలి ఇవ్వడం ఆలోచించి చేసిన పని. కరువు పని నడిచినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటికోసం కలిశారన్న మాట రాకూడదని. పని ఆగాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. బియ్యం క్రైస్తవులన్న నింద అయినా తప్పలేదు. ఆ నింద వేసినవాళ్లు ఒకటి అడగలేదు: పంట పండించే చేతులు బియ్యానికి ముఖం వాచేలా ఉంచిందెవరు?

మెదక్‌లో మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు కాలంలో పని కల్పిస్తూ కట్టించిన కెథడ్రల్ 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. పేదల్ని వదిలి గుడికి బంగారం పెట్టొద్దన్న క్రిసోస్తం దాన్ని చూస్తే ఏమనేవాడో చెప్పలేం. అక్కడ గోడే అన్నమయింది. స్టువర్టుపురంలో నేరస్థ తెగ అన్న ముద్ర పడిన ఎరుకలవారి సెటిల్‌మెంటును రక్షణ సైన్యం నడిపింది. భూమి, బడి ఇస్తూనే ప్రభుత్వపు కాపలా కూడా కాసిన ఆ పనిలో ఉద్ధరణ ఏదో, బందిఖానా ఏదో విడదీయడం కష్టం.

1912లో దోర్నకల్ బిషప్పయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య (1874–1945), ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు, మరో వైపు నుంచి ఆలోచించాడు. పేద సంఘం ఎప్పుడూ పుచ్చుకునేదిగానే ఉండిపోతే అది బానిసత్వమే అన్నది ఆయన పట్టుదల. అందుకే ఇవ్వడం గురించి ఎంతో బోధించాడు, రాశాడు. ఇంటామె ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు పక్కన వేసి ఆదివారం గుడికి తేవడం, కోత పండుగకు గుమ్మడికాయో కోడిపెట్టో వడ్ల మూటో తెచ్చి అక్కడే వేలం పాడుకోవడం తెలుగు పల్లె సంఘాల్లో పెరిగిన అలవాట్లు. విధవ రెండు కాసుల కథకు ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం ఏ పుస్తకంలోనూ దొరకదు.

బడులు, ఆసుపత్రులు పంతుళ్లనీ నర్సులనీ తయారుచేశాయి. ఒకటి రెండు తరాల్లో కొన్ని కుటుంబాలు గట్టెక్కాయి. భూమి మాత్రం మారలేదు. గుంటూరు ప్రాంతపు కాథలిక్కుల్లో భూములున్న రెడ్డి, కమ్మ కుటుంబాలూ ఆ భూముల్లో కూలి చేసే దళితులూ ఒకే పీఠం ముందు మోకరిల్లుతారు, మర్నాడు పొలంలో పాత లెక్కకే తిరిగి వెళ్తారు. మిషన్లు వదిలి వెళ్లిన స్థలాల కోసం సంఘాల పెద్దలు కోర్టుల్లో పోట్లాడుకోవడం కూడా అందరికీ తెలిసిందే. పేదల పేరు మీద వచ్చిన ఆస్తి పేదలకు బాకీ ఉందన్న మాట ఆ కాగితాల్లో ఎక్కడా ఉండదు. జెసూట్ సభలో పనిచేసిన స్పెయిన్ దేశీయుడు విన్సెంట్ ఫెర్రర్ (1920–2009) 1969లో అనంతపురం చేరి మొదలుపెట్టిన గ్రామీణాభివృద్ధి పని, ఇళ్లు, నీళ్లు, బడులు, ఆసుపత్రులుగా ఆ కరువు జిల్లాలో ఎవరి మతమూ అడగకుండా విస్తరించింది.

2022 ఆగస్టులో హైదరాబాదు ఆర్చ్‌బిషప్ పూల ఆంథొనీ కార్డినల్ అయ్యాడు. దళిత కుటుంబం నుంచి ఆ పదవికి చేరిన మొదటివాడు. ఆ గౌరవాన్ని పల్లెల్లో పండగలా జరుపుకున్న జనానికి చట్టంలో ఉన్న స్థానం వేరు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా హిందువులకు మాత్రమే ఆ హోదా ఇచ్చింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్లో కులం లేదన్నది వాళ్లను చేర్చకపోవడానికి చెప్పే కారణం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు బీసీ-సీ. రిజర్వేషన్లలో వాళ్ల వాటా ఒక శాతం. వాళ్లను షెడ్యూల్డు కులాల్లో చేర్చాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. సిఫారసు ఫైళ్లలో ఉంది. 1950 ఉత్తర్వులో మూడో పేరా క్రైస్తవుల విషయంలో ఈనాటికీ మారలేదు.